లోకి, లోంచి

నేను పనిచేసిన బ్యాంకు బ్రాంచి నారాయణగూడలో ఉండేది. అక్కడ క్లియరింగ్ పని అంటే అందరూ తప్పించుకునేవారు. వేరే బ్యాంకుల మీద రాసిన చెక్కులు మా దగ్గర జమ అవుతాయి కదా, వాటిని పొద్దున్నే విడదీసి, ఏ బ్యాంకువి ఆ బ్యాంకుకు కట్టలు కట్టి, గుడ్డసంచిలో వేసుకుని ఆటోలో క్లియరింగ్ హౌస్‌కు తీసుకుపోవాలి. అదొక పెద్ద హాలు. ఊళ్లోని బ్యాంకులన్నింటి మనుషులూ బల్లలు వేసుకుని కూర్చుని, మీ చెక్కులు మీకు, మా చెక్కులు మాకు అని మార్చుకునేవారు. ఒక్క చెక్కు తక్కువొస్తే కట్టలన్నీ మళ్లీ విప్పాలి. ఆ గోలలో పక్కవాడి మాట వినపడేది కాదు.

నాకు మాత్రం ఆ పని ఇష్టంగా ఉండేది. చిక్కడపల్లిలో మేము కిరాయికుండే ఇంటి కింద ఒక బట్టల దుకాణం ఉండేది. ఆ దుకాణం ఆయన రాసిన చెక్కు ఒకరోజు నా సంచిలోనే కనిపించింది. అశోక్‌నగర్‌లో ఎవరికో ఇస్తే, ఆ మనిషి తెచ్చి మా బ్రాంచిలో వేశాడు. నేను దాన్ని హాలుకు మోసుకుపోతే, అక్కడి నుంచి చిక్కడపల్లిలోనే ఉన్న ఇంకో బ్యాంకుకు పోయింది. రెండు గల్లీల దూరానికి ఊరంతా తిరిగిందన్నమాట. ఆ కాగితం దారిలో ఎన్ని చేతులు మారింది, ఎవరు ఏం చూశారు, ఎక్కడ ఆగింది అని ఆ రోజంతా ఆలోచించాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. పక్క సీటు వాళ్లు "దీనికి పని తక్కువైంది" అని నవ్వేవారు.

తొంభైల మధ్యకు వచ్చేసరికి ఆ హాలులో బల్లలు తగ్గి, చెక్కులు చదివే యంత్రం వచ్చింది. చెక్కు అడుగున వరుసగా అచ్చువేసిన వంకర అంకెలు ఉంటాయి. యంత్రం వాటిని చదివి, చెక్కులను వేరువేరు గూళ్లలోకి విసిరేది. దాన్ని చూసుకునే కంప్యూటర్ కంపెనీ ఇంజనీరు బాగ్ లింగంపల్లి మనిషి. నాకంటే చిన్నవాడు. ఆ అంకెలు అంత వికారంగా ఎందుకున్నాయని అడిగితే అతనొక్కడే విసుక్కోకుండా చెప్పాడు.

"గా సిరాల ఇనుము ఉంటదక్కా. మిషన్ చూడదు, తడుముతది. ఒక్కో అంకె తడిమితే ఒక్కో తీరు ఉండాలె గద, గందుకే గట్ల వంకర."

"నూనె చేతులతోని పట్టుకుంటే?"

"మిర్చి బజ్జీ తినుకుంట రాసిన చెక్కులు రోజూ పది వస్తయ్. అవిటిని కూడ చదువుతది. పిన్ను కొట్టినయే వద్దంటది."

ఆ తర్వాత కొన్ని నెలలకు మా మేనేజరు గారు నన్ను పిలిచారు. బ్యాంకులన్నింటి మీదా అజమాయిషీ చేసే పెద్ద బ్యాంకు నుంచి ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. ఆ పెద్ద బ్యాంకును మేము పెద్దాఫీసు అనేవాళ్లం. కంపెనీలు మనుషులకు పంచే వడ్డీలూ లాభాలూ ఇకమీదట చెక్కుల్లేకుండా, కంప్యూటర్ ద్వారా నేరుగా ఖాతాల్లో వేయాలని పెద్దాఫీసు ఆలోచన. ఎట్లా చేయాలో తేల్చడానికి బ్యాంకుల వాళ్లూ, కంపెనీల వాళ్లూ, కంప్యూటర్ వాళ్లూ కలిసి ఒక బృందంగా కూర్చోవాలట. ప్రతి బ్యాంకూ క్లియరింగ్ పని తెలిసిన మనిషిని ఒకరిని పంపాలట.

"నువ్వు పో అమ్మా," అన్నారు మేనేజరు గారు. "నన్ను అడిగే ప్రశ్నలన్నీ పోయి ఆడ అడుగు. నాకు జర నిమ్మళం."

మొదటి సమావేశంలో గంటన్నర దాకా నేను నోరు విప్పలేదు. అంతా ఇంగ్లీషు, అందరూ పెద్ద హోదాల వాళ్లు. డబ్బు తప్పు ఖాతాలో పడితే ఎవరి బాధ్యత అన్నదాని మీదే మాట ఆగిపోయింది. కంపెనీ వాళ్లు బ్యాంకుల వైపు చూపారు, బ్యాంకులు కంప్యూటర్ వాళ్ల వైపు చూపాయి. పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి చివర కూర్చుని అన్నీ రాసుకుంటున్నాడు. గుంటూరు వైపు మనిషి. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడేది. పేరుతో పనిలేదు, ఖాతా నంబరు ఒక్కటుంటే చాలని అందరూ ఒప్పుకున్నాక, "ఇంకెవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను.

"సార్, మా బ్రాంచిలో సేవింగ్స్ ఖాతాల పుస్తకం ఒకటి నుంచి మొదలైతుంది. దుకాణాల వాళ్ల కరెంటు ఖాతాల పుస్తకం కూడా ఒకటి నుంచే. నాలుగువందల పన్నెండు అని నంబరు పంపిస్తే, అది ఇద్దరికి ఉంది. ఎవరికి వెయ్యాలె?"

కంప్యూటర్ వాళ్ల తరఫున వచ్చిన మా బాగ్ లింగంపల్లి ఇంజనీరు తల వంచుకుని నవ్వుకోవడం కనిపించింది. అధికారి కళ్లజోడు తీసి, "ఆ పుస్తకాలు నేను చూడొచ్చా అండి?" అన్నాడు.

మూడోరోజు ఆయన నిజంగానే మా బ్రాంచికి వచ్చాడు. పెద్దాఫీసు మనిషి చెప్పాపెట్టకుండా వస్తే తనిఖీయేనని మా మేనేజరు గారికి ముచ్చెమటలు పోశాయి. ఆయన మాత్రం నా బల్ల పక్కన స్టూలు వేయించుకుని, గంటసేపు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని తిప్పాడు. వెళ్లేటప్పుడు, "ఒక్కో బ్యాంకుకు ఒక్కో పద్ధతి ఉంటుందని తెలుసు కానీ, ఒకే బ్రాంచిలో రెండు ఒకట్లు ఉంటాయని అనుకోలేదండి," అన్నాడు. నంబరుకు ముందు ఖాతా రకం తెలిపే రెండంకెలు రాయాలని తర్వాతి సమావేశంలో తేలింది. సేవింగ్స్‌కు పది, కరెంటుకు పదకొండు. నా ప్రశ్నకు జవాబుగా పుట్టిన అంకెలవి. ఆ సంతోషంలో ఇంటికి నడిచే వచ్చాను.

ప్రయోగానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆ కంపెనీలో డబ్బు దాచుకున్నవాళ్లకు ఆరునెలలకోసారి వడ్డీ వారంటు పోస్టులో వచ్చేది. చెక్కులాంటి కాగితమే. దాని బదులు వడ్డీ నేరుగా ఖాతాలో పడటానికి ఒప్పుకుంటూ ఒక ఫారం నింపి, సంతకం చేసి ఇవ్వాలి. అలాంటి మనుషులను వెతికే పని బ్రాంచీల మీద పడింది.

నాకు వెంటనే గుర్తొచ్చింది అశోక్‌నగర్ నుంచి వచ్చే ఒక పెద్దాయన. అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్లు చదివేవాడు. చేతిలో పెన్సిలు ఉంటే పేపర్లో తప్పులు దిద్దేస్తాడని లైబ్రరీ వాళ్లు గేటు దగ్గరే పెన్సిలు అడిగి తీసుకునేవాళ్లు. ఆ వానాకాలం ఆయన వారంటు తడిసి, సంతకం అలుక్కుపోయి వచ్చింది. మళ్లీ తెప్పించుకునేసరికి రెండు నెలలు పట్టింది.

ఫారం చూపించి అంతా చెప్పాను. ఆయన ఫారాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కిటికీ వెలుగులో పెట్టి చదివాడు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు.

"ఏం బిడ్డా, దీని మీద సంతకం పెట్టమంటున్నవా?"

"అవును సార్. ఇగ పోస్టు కోసం చూసుడు ఉండదు."

"ఈ ముక్క సదువు."

నేను చదివాను. 'నా ఖాతాలోంచి వడ్డీ సొమ్ము జమచేయుటకు అనుమతించుచున్నాను.'

"మల్ల సదువు. లోకి అంటే వచ్చుడు. లోంచి అంటే పోవుడు. 'కి' పోయి ఆ జాగల 'ంచి' కూసున్నది. దీని మీద సంతకం పెడితే నా పైసలు ఉల్టా నడుస్తయ్ గద!"

నేను ఆ ఫారాన్ని అప్పటికి పదిసార్లయినా చదివి ఉంటాను. మా బృందంలో ఇరవై మంది చూశారు. అందరం ఇంగ్లీషు చదివి, తెలుగు కూడా అదే అయి ఉంటుందనుకున్నాం. ఆయన మా కౌంటరు మీది పెన్నుతో 'లోంచి' చుట్టూ సున్నా చుట్టి, పక్కన అంచులో 'లోకి' అని రాసిచ్చాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

నేను ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం పెద్దాఫీసుకు పోయాను. అధికారి చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. అచ్చుకు పంపిన ఫారాలు ఆపమని అక్కడికక్కడే ఫోన్ చేశాడు. తర్వాత, "ఇది పట్టుకున్నదెవరండి?" అని అడిగాడు. చెప్పాను.

"నన్ను ఆయన దగ్గరకు తీసుకెళ్తారా?"

శనివారం మధ్యాహ్నం బ్యాంకు మూశాక అధికారీ, ఇంజనీరూ, నేనూ ముగ్గురం ఒకే ఆటోలో అశోక్‌నగర్ వెళ్లాం. పెద్దాయన ఇల్లు మేడమీద రెండు గదులు. ఆయన భార్య సర్వపిండి వేడివేడిగా పెట్టింది. అధికారికి అది కొత్త. ఎట్లా తుంచాలో తెలియక ఇంజనీరును చూసి తిన్నాడు.

పెద్దాయన మర్యాదలకు ఎక్కువసేపు ఆగలేదు.

"సార్, వారంటు ఉన్నప్పుడు చేతిల ఒక కాగితం ఉంటుండె. పైసలు రాకుంటే అది జూపిస్తుంటి. ఇప్పుడు పైసలు వచ్చినయని నాకెట్ల ఎరుక? రాకుంటే రాలేదని ఎట్ల ఎరుక?"

"పాస్‌బుక్‌లో పడుతుందండి."

"పడకుంటే?"

అధికారి ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు సర్వపిండి వైపు చూశాడు.

"పడకుంటే నేను ఎవలను అడగాలె? కంపెనీ బొంబాయిల ఉన్నది. మిషన్ మీ కాడ ఉన్నది. పాస్‌బుక్ ఈ బిడ్డ కాడ ఉన్నది. నేను ముసలోన్ని, మూడు దిక్కుల తిరుగుతనా?"

అధికారి జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాటలు రాసుకున్నాడు. "ఇదే మాట మీద మేము రెండు నెలలుగా పోట్లాడుకుంటున్నామండి. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు," అన్నాడు.

తర్వాతి సమావేశం నాకిప్పటికీ బాగా జ్ఞాపకం. డబ్బు పంపాక ఫలానా బ్యాంకులో, ఫలానా ఖాతాలో వేశామని ప్రతి మనిషికీ ఒక చీటీ పోస్టు చేయాలని అధికారి అన్నాడు. కంపెనీ మనిషి మండిపడ్డాడు. కాగితం మానేద్దామని కూర్చుని మళ్లీ కాగితమా అన్నాడు. ఆ చీటీ పోతే చీటీయే పోతుంది గానీ డబ్బు పోదు కదా అని ఇంజనీరు సర్దిచెప్పాడు. ఇక ఎవరిని అడగాలన్న మాట వచ్చేసరికి బ్యాంకుల వాళ్లు గొంతులు పెంచారు. అధికారి అందరినీ మాట్లాడనిచ్చి, చివరకు నెమ్మదిగా అన్నాడు. "ఆయన తన పాస్‌బుక్ ఉన్నచోటికే వస్తాడండి. జవాబు అక్కడే దొరకాలి. ఆ జవాబు వెతకడానికి మీరు మీరు తిరగండి, నేనూ తిరుగుతాను." ఆజ్ఞ వేసే అధికారం ఉన్న మనిషి, ఒప్పించడానికి అంతసేపు కూర్చోవడం నాకు వింతగా అనిపించింది. అందరూ ఒప్పుకున్నారు.

కొత్త ఫారాలు 'లోకి'తో వచ్చాయి. పెద్దాయన వాటిలో మొదటిదాని మీదే సంతకం పెట్టాడు. ఆ రోజు కౌంటరు దగ్గర రద్దీగా ఉంది. ఆయన నిలబడలేకపోతున్నాడని, "మీరు పోండి సార్, నంబర్లు నేను నింపుత," అన్నాను. బ్యాంకు ధ్రువీకరణ కింద సంతకం కూడా నేనే చేశాను.

ప్రయోగం జరిగింది. ఎవరికెంత వేయాలో ఎక్కించిన కంపెనీ ఫ్లాపీ పెద్దాఫీసుకు చేరింది, అక్కడి నుంచి జాబితాలు బ్రాంచీలకు వచ్చాయి. మా జాబితాలో పేర్లు లేవు, నంబర్లే. దాని ప్రకారం నేనే పుస్తకాల్లో జమలు రాయించాను. అన్నీ సరిపోయాయి. మేనేజరు గారు మిఠాయి తెప్పించారు.

పదిరోజులకు పెద్దాయన ఒక చేతిలో పోస్టులో వచ్చిన చీటీ, ఇంకో చేతిలో పాస్‌బుక్ పట్టుకుని వచ్చాడు. చీటీ డబ్బు వేశామంటోంది. పాస్‌బుక్‌లో ఏమీ లేదు.

నేను ఆయన ఫారం వెతికి తీశాను. నాలుగువందల పన్నెండు. దాని ముందు రకం గడిలో నా చేతిరాతతో పదకొండు. పది అని ఉండాల్సిన చోట పదకొండు. సమావేశంలో నేను లేచి ఏ నంబరు చెప్పానో అదే నంబరు, ఏ తప్పు జరుగుతుందని చెప్పానో అదే తప్పు. డబ్బు ఒక రంగుల దుకాణం వాళ్ల ఖాతాలో పడింది.

"సార్, తప్పు నాదే," అన్నాను. ఫారం ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోపం కంటే నొప్పి ఎక్కువ కనిపించింది.

"నువ్వు నింపినవ్ సరే. నింపినంక నాకెందుకు జూపియ్యలేదు బిడ్డా? చూస్తే పట్టుకునేటోన్ని గద. నా పనే అది."

రంగుల దుకాణం ఆయన మంచివాడు. ఫోన్ చేస్తే, "ఏందో జమైందమ్మా, ఎవలో బాకీ కట్టిండ్రనుకున్న. తీస్కోండ్రి," అన్నాడు. సాయంత్రానికల్లా సర్దుబాటు అయిపోయింది. మేనేజరు గారు నన్ను లోపలికి పిలిచారు.

"అయిపోయింది గద. ఆ మీటింగుల చెప్పకు. మన బ్రాంచి పేరు ఖరాబ్ అయితది. అడిగితే అన్నీ సక్కగున్నయను."

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే అన్నారు. సమావేశానికి ఇంకా రెండు రోజులుంది. ఉద్యోగం పోదని తెలుసు. ఇన్నాళ్లూ ప్రశ్నలడిగిన మనిషిగా ఆ గదిలో నాకొక చోటు దొరికింది, అది పోతుందని భయం. అయితే ఇంకో సంగతి కూడా తొలిచేది. నాలా ఇంకెన్ని బ్రాంచీల్లో ఎందరు సర్దేసి ఊరుకున్నారో? అందరూ సక్కగున్నయంటే, మనం కట్టిన పద్ధతి నిజంగా ఎట్లా ఉందో ఎవరికి తెలుస్తుంది?

సమావేశంలో నా వంతు వచ్చినప్పుడు చెప్పేశాను. బల్లకు అవతల ఒక పెద్ద బ్యాంకు మనిషి తన ఫైలు తెరిచి, తమ దగ్గరా రెండు అట్లాంటివి ఉన్నాయన్నాడు. ఆ వెనక ఇంకొకరు. అధికారి ఎవరినీ తప్పుపట్టలేదు. "అయితే ఇది మేడమ్ తప్పు ఒక్కటే కాదన్నమాట, ఫారం తప్పు కూడా," అని, ఏం చేయాలో మమ్మల్నే చెప్పమన్నాడు. ఫారంతో పాటు ఖాతాదారు చెక్కు ఒకటి అడ్డగీతలు గీసి రద్దుచేసి జతచేయాలనీ, చెక్కుబుక్కు లేకపోతే పాస్‌బుక్ మొదటి పేజీ నకలు పెట్టాలనీ ఇంజనీరు అన్నాడు. అలా అయితే నింపినదాన్ని చూసి సరిచూసుకోవచ్చు. నింపిన ఫారం ఖాతాదారుకు చూపించి, ఆయన చూసినట్టు ఇంకో సంతకం తీసుకోవాలని నేను అన్నాను. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది కౌంటర్ల దగ్గర ఆలస్యం అవుతుందని కొట్టేశారు. మా బ్రాంచిలో మాత్రం నేను ఆ కౌంటరులో ఉన్నన్నాళ్లూ అట్లాగే చేశాను.

మరో ఆరునెలలకు పెద్దాయన వడ్డీ సరిగ్గా పడింది. ఆయన వచ్చి ఆ వరుస మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"కంపెనీ ఏ దినం పంపింది?"

"నిన్న సార్."

"ఇయ్యాల ఈడ పడ్డది. నడిమిట్ల ఎక్కడుండె?"

నాకు తెలియదు. ఆ మాటే ఒప్పుకున్నాను. మర్నాడు క్లియరింగ్ పనిమీద పోయినప్పుడు అధికారిని అడిగాను. ఆయన నవ్వి, పక్క గదిలోకి తీసుకుపోయి ఒక పొడవాటి కాగితం చూపించాడు. ఊళ్లో ప్రతి బ్యాంకుకూ ఒక వరుస. ఆ రోజు ఇవ్వాల్సింది ఒకవైపు, రావాల్సింది ఒకవైపు, తేడా చివర. పెద్దాఫీసు దగ్గర ప్రతి బ్యాంకుకూ ఒక ఖాతా ఉంటుందనీ, ఆ తేడా మాత్రమే అందులో అటోఇటో కదులుతుందనీ చెప్పాడు. "అడుగున చూడండి," అన్నాడు. ఇవ్వాల్సిన వాళ్ల తేడాల మొత్తంలోంచి రావాల్సిన వాళ్ల తేడాల మొత్తం తీసేస్తే సున్నా. ఇన్నేళ్లూ సంచి మోసిన నాకు ఆ సున్నా సంగతి తెలియదు. నాకు నేనుగా మళ్లీ కూడి చూసుకుంటానంటే ఆయన పెన్సిలు ఇచ్చాడు.

ఆ సాయంత్రం లైబ్రరీకి పోయి పెద్దాయన పక్కన కూర్చుని గుసగుసగా అంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి విన్నాడు.

"ప్రతి దినం సున్నానేనా?"

"ప్రతి దినం, సార్."

"ఒక్క దినం రాకుంటే?"

"ఎందుకు రాలేదో దొరికేదాక ఎవరూ లేవరట."

ఆయన పేపరు పక్కన పెట్టాడు. ఆ కాగితాన్ని ఒకసారి తన కళ్లతో చూడాలని ఉందన్నాడు. అధికారిని అడిగాను. మొదట కుదరదన్నాడు, వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పెన్సిలు జేబులో పెట్టుకుని పెద్దాయన నాతో ఆటో ఎక్కాడు.